సొంతమాటల్లో రాయండి

పదకొండు మంది పిల్లలు, పదకొండు నోటుబుక్కులు, ఒకటే జవాబు. ప్రశ్న ఏమిటంటే, కవి చెప్పదలచుకున్నదాన్ని మీ సొంతమాటల్లో రాయండి. పదకొండు మంది సొంతమాటలూ కామాతో సహా ఒకటే. ఒకమ్మాయి మాత్రం 'సమాజాభ్యుదయం' అని ఉండాల్సిన చోట 'సమాజాభివృద్ధి' అని రాసింది. "ఇలా ఎందుకు మార్చావమ్మా?" అని అడిగితే బెదిరిపోయి, "సారీ సార్, గైడులో కరెక్టుగానే ఉంది, నేనే తప్పు రాశాను" అంది.

నాకు నవ్వు రాలేదు. పదేళ్ళ కింద నేనూ ఇలాంటి వాక్యమే రాశాను. పదో తరగతి తెలుగులో పదికి పది గ్రేడ్ పాయింట్లు తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఇంటర్ ఎంపీసీ, బీటెక్ ఈసీఈ. అక్కడ తెలుగుతో పని పడలేదు. మళ్ళీ తెలుగు ముట్టుకున్నది సివిల్స్ ఆప్షనల్ కోసం. ఆ మాత్రం తెలుగు నాకు వచ్చు, మార్కులు తెచ్చుకోవడం అలవాటే అనుకున్నాను.

రెండో మెయిన్స్ మార్కుల షీటు వచ్చినప్పుడు ఎస్సే దగ్గర 250కి 98 కనిపించింది. మన పాఠకులకి ఎస్సే పేపర్ గురించి చెప్పనక్కర్లేదు. మూడు గంటలు, రెండు సెక్షన్లు, ఒక్కోదాంట్లో ఒక టాపిక్, వెయ్యి నుంచి పన్నెండొందల పదాలు, ఒక్కోటి 125 మార్కులు. నేను రాసిన రెండు వ్యాసాల్లోనూ గాంధీగారు మొదటి పేరాలో వచ్చారు, రాజ్యాంగ పీఠిక నాలుగో పేరాలో వచ్చింది, చివర్లో 'ముందున్న మార్గం'. ఏ టాపిక్ అయినా ఈ రైలు ఇవే స్టేషన్లలో ఆగుతుంది. ఆ షీటు చూసి రూమ్ ఖాళీ చేసి అశోక్‌నగర్ నుంచి విజయనగరం దగ్గరున్న మా ఊరికి వచ్చేశాను. ఖర్చు తగ్గుతుందన్నది పైకి చెప్పిన కారణం. చిక్కడపల్లి లైబ్రరీలో రోజూ అవే ముఖాలు చూడలేకపోవడం అసలు కారణం.

మా పిన్ని ఇంటి డాబా మీద ట్యూషన్ చెబుతుంది. లెక్కలు, సైన్సు ఆవిడవి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు. "ఒరే, నువ్వు తెలుగు లిటరేచరే కదా చదువుతున్నావు, సాయంత్రం ఒక గంట వీళ్ళకి తెలుగూ సోషలూ చెప్పు, నెలకి ఆరు వేలిస్తాను" అంది. మాక్ టెస్టుల డబ్బులకి సరిపోతుందని ఒప్పుకున్నాను. సేవ, సమాజానికి తిరిగి ఇవ్వడం లాంటి ఉద్దేశాలేవీ లేవు. ఇంటర్వ్యూ దాకా వెళ్తే బోర్డు ముందు అలాగే చెప్పుకుంటానేమో గానీ, ఇక్కడ నిజం చెప్పాలి.

మొదటివారం నోటుబుక్కులు చూశాక గైడ్లు మూయించాను. "మీ అభిప్రాయం రాయండి, ఏదైనా రాయండి" అన్నాను. ఇది నా మొదటి తప్పు. సుమతీ శతకంలో ఆడవాళ్ళని తక్కువ చేసే పద్యాలు కొన్ని ఉన్నాయి కదా, అలాంటిదొకటి ఇచ్చి మీరేమంటారు అని అడిగాను. పది నిమిషాల్లో డాబా సంతయిపోయింది. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. మా మేనత్త ఇలా చేసింది, మా పక్కింటావిడ అలా చేసింది. పద్యం ఎవరికీ గుర్తులేదు. తర్వాత రాసిచ్చిన కాగితాల్లో, "నా అభిప్రాయం ప్రకారం ఇది తప్పు. ఆడవాళ్ళని గౌరవించాలి. అందరూ కలిసిమెలిసి ఉండాలి" అని ఉంది. గైడు మాటలు పోయి, అసెంబ్లీలో హెడ్మాస్టరుగారు చెప్పే మాటలు వచ్చాయి.

అభిప్రాయం ఉండడం వేరు, దాన్ని నిలబెట్టడం వేరు. ఇది నాకు తెలిసినట్టే ఉండేది. కొత్త విద్యా విధానం 2020 మీద రెండొందల యాభై పదాల జవాబు రాయమంటే విమర్శనాత్మక ఆలోచన అన్న మాట మూడుసార్లు వాడతాను. అదేమిటో పదిహేనేళ్ళ పిల్లకి చూపించమంటే చేతులు ఖాళీ.

దారి చూపించింది మా పిన్ని, అదీ అనుకోకుండా. ఆవిడ తెలుగు మీడియంలో చదువుకుంది. రేఖాగణితం చెప్పేటప్పుడు ఇప్పటికీ దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అనే అంటుంది. పిల్లలందరూ ఇంగ్లీషు మీడియం అయినా ఆవిడ దగ్గర ఆ మాటలు నేర్చుకున్నారు. ఆ సాయంత్రం ఒక కుర్రాడు త్రిభుజం గీసి రెండు భుజాలు సమానమని రాసేసి కూర్చున్నాడు. పిన్ని ఎర్రపెన్నుతో కాగితం మీద కొట్టి, "సమానమని నాకూ తెలుసు. ఉపపత్తి ఏదిరా?" అంది. బొమ్మ చూస్తే తెలుస్తోంది కదా మేడమ్ అన్నాడు వాడు. "నీకు తెలుస్తోంది. చూడనివాడికి ఎలా చెబుతావు?"

మర్నాడు నా గంటలో బోర్డు మీద ఆ ఒక్క మాటే రాశాను. ఉపపత్తి ఏది?

నా ఆప్షనల్ సిలబస్‌లో గురజాడ ఆణిముత్యాలు ఉన్నాయి. వాటిలో 'దిద్దుబాటు' 1910 నాటిది, నాలుగైదు పేజీలు, ఒక రాత్రిలో జరిగిపోయే కథ. నా నోట్సులోంచి తీసి పదకొండు జిరాక్సులు వేయించాను. ఆ కథ మీద నా దగ్గర అప్పటికే పద్దెనిమిది పేజీల నోట్సుంది. తొలి తెలుగు కథ ఇదా, లేక 1902లో వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి'యా అన్న చర్చ మీద ఒక పేజీ, సంఘసంస్కరణ మీద మూడు పేజీలు, శిల్పం మీద రెండు, వ్యావహారిక భాష మీద నాలుగు. అచ్చమాంబ కథలోనూ భర్తని సరిదిద్దేది భార్యే. ఆ పోలిక మీద మాత్రం నా నోట్సులో ఒక్క వాక్యం లేదు. ఏ విమర్శకుడు ఏమన్నాడో మాత్రం ఉంది.

కథ తెలియనివారికి టూకీగా చెబుతాను. గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తాడు. సానుల పాటకని పోయి, ఇంట్లో మాత్రం మీటింగులని చెబుతున్నాడు. భార్య కమలిని కనిపించదు. వీధిలో నౌకరు రాముడు చుట్ట కాలుస్తూ చుక్కలు చూస్తుంటాడు. అమ్మగారు పడుకున్నారంటాడు. గోపాలరావు వాణ్ణి గుద్దుతాడు, వెంటనే నొచ్చుకుంటాడు. తర్వాత కమలిని రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. పుట్టింటికి పోతున్నానని ఉంటుంది. ఆయన గోడుగోడుమంటాడు, ఒట్లు పెట్టుకుంటాడు. చివరికి ఆవిడ మంచం కిందే ఉందని తెలుస్తుంది.

గట్టిగా చదివించాను. ముందు వరసలో కూర్చునే అమ్మాయి రాముడి మాటలు అందుకుంది. అందుకున్న క్షణంలో డాబా అంతా నవ్వు. ఆ పిల్ల నటించలేదు. వాళ్ళ తాతగారి మాటే అది. మా వైపు మాట. బడిలో ఆ యాసలో మాట్లాడితే సరిదిద్దుతారు, అచ్చులో చూసేసరికి వీళ్ళకి నమ్మకం కుదరలేదు. "పుస్తకంలో ఇలాగ కూడా రాస్తారా సార్?" అని ఒకడు అడిగాడు. వ్యావహారిక భాష మీద నా నాలుగు పేజీల నోట్సు ఆ ప్రశ్న ముందు వెలవెలబోయింది.

అప్పుడు నేను అడిగిన ప్రశ్న చిన్నది. కమలిని మంచం కింద ఉన్న సంగతి రాముడికి ముందే తెలుసా, తెలియదా? పుస్తకంలో ఎక్కడా సూటిగా లేదు. మీరేదన్నా సరే, కాగితంలోంచి చూపించాలి. బయటి సంగతులు, మేనత్తలు, పక్కింటివాళ్ళు, నిషేధం.

తెలుసు అన్నవాళ్ళు ఏడుగురు. తెలియదన్నవాళ్ళు నలుగురు. తెలుసు అన్నవాళ్ళ మొదటి సాక్ష్యం చుట్ట. అర్ధరాత్రి దాటాక నౌకరు నిద్రపోకుండా వీధిలో నిలబడి చుక్కలు లెక్కపెడుతున్నాడంటే, అయ్యగారు ఎప్పుడొస్తారా అని కాపలా కాస్తున్నాడన్నమాట. రెండోవాళ్ళు ఒప్పుకోలేదు. ఇంటి యజమాని లేనప్పుడు కదా నౌకరు తీరిగ్గా చుట్ట కాల్చుకునేది! అదే చుట్ట, అదే చుక్కలు, రెండు పక్షాలకీ సాక్ష్యం. ఒకమ్మాయి విసుక్కుంది. "ఇలాగైతే ఎప్పటికీ తేలదు కదా సార్, లెక్కల్లో ఇలా ఉండదు." నిజమే, లెక్కల్లో ఉండదు. పిన్ని మాట నన్ను కొంత దూరమే తీసుకొచ్చిందని ఆ రోజు అర్థమైంది. త్రిభుజంలో దత్తాంశానికి ఒకటే అర్థం. ఇక్కడ దత్తాంశాన్నే మళ్ళీ చదవాలి.

అమ్మగారు ఇంట్లో లేరని విన్నాక రాముడి గుండెల్లో దిగులు పుట్టిందని కథకుడు చెబుతాడు. తెలియదన్న నలుగురూ దీన్ని పట్టుకుని గెలిచేశామనుకున్నారు. తెలిసుంటే దిగులెందుకు? నాలుగు రోజులు ఆ వాక్యం దగ్గరే ఉండిపోయాం. ఐదో రోజు ఏడుగురి పక్షంలోంచి ఒక పిల్ల లేచి, "దిగులు అమ్మగారి కోసం అని రాయలేదు సార్. దెబ్బలు పడతాయని కూడా దిగులు పుడుతుంది. తర్వాతి వాక్యంలో దెబ్బలే పడ్డాయి" అంది.

తర్వాతి వాక్యంలో. నేను ఆ కథని కనీసం పదిహేనుసార్లు చదివి ఉంటాను. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఎందుకున్నాయని ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు ఇద్దరు పార్టీ మారారు. మారినవాళ్ళని మిగతావాళ్ళు వెక్కిరించబోతే ఆపాను. సాక్ష్యం చూసి మారడం ఓడిపోవడం కాదని చెప్పాను. టీవీ చర్చలు చూసి పెరిగిన పిల్లలకి ఇది వింతగా తోచినట్టుంది.

ఇక రాయడం. ఒక పేరా చాలు. మొదట నువ్వేమంటున్నావు. తర్వాత కథలో ఎక్కడుంది. ఆ తర్వాత, అక్కడున్నది నువ్వు అంటున్నదానికి ఎలా సరిపోతుంది. ఆఖరున, ఎదుటివాడు ఏమనవచ్చు, దానికి నీ జవాబేమిటి. మూడో మెట్టు దగ్గర అందరూ తడబడ్డారు. కథలో వాక్యం ఎత్తి రాసేసి, పని అయిపోయిందనుకుంటారు. నా మెయిన్స్ జవాబుల్లోనూ ఇదే జబ్బు. ఒక కమిటీ పేరు, ఒక ఆర్టికల్ నంబరు, ఒక సుప్రీంకోర్టు తీర్పు వరసగా పేర్చేస్తాను. అవి నా మాటకి ఎలా ఆసరా అవుతాయో చెప్పను. దిద్దేవాళ్ళే కలుపుకోవాలి.

ఈ మెట్లు ఎలా ఉంటాయో చూపించడానికి మంచి నమూనా కావాలని వెతుకుతుంటే, వెనకబెంచీ అమ్మాయి (సమాజాభివృద్ధి అని రాసిన పిల్లే) "కమలిని ఉత్తరంలోనే ఉంది కదా సార్" అంది. తీసి చూశాం. నిజంగానే ఉంది. పది రోజులుగా రాత్రిళ్ళు మీరు ఇంట్లో లేరు: ఇది జరిగిన సంగతి. మీటింగులన్నారు, నిజం నాకు చెలికత్తెల ద్వారా తెలిసింది: ఇది సాక్ష్యం. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీకు అబద్ధమాడాల్సిన అవసరం వస్తోంది: ఇది తర్కం. భర్త చేత రోజూ అబద్ధమాడించడం కంటే అడ్డు తొలగడమే భార్య ధర్మం, కాబట్టి పుట్టింటికి పోతున్నాను: ఇది తీర్పు. పతివ్రతా ధర్మం అన్న ఎదుటివాడి ఆయుధాన్నే తీసుకుని ఎదుటివాడి మీద తిప్పింది. ఒక్క తిట్టు లేదు, ఏడుపు లేదు. గోపాలరావు జవాబు చెప్పలేక జుట్టు పీక్కున్నది ఇందుకే. ఆడవాళ్ళకి చదువెందుకన్న ప్రశ్నకి గురజాడ ఉపన్యాసం ఇవ్వలేదు, చదువుకున్న అమ్మాయి చేత ఒక ఉత్తరం రాయించాడు. నా పద్దెనిమిది పేజీల్లో 'స్త్రీవిద్య ఆవశ్యకత' అని ఒక శీర్షిక ఉంది. దాని కింద ఈ ఉత్తరం ప్రస్తావన 'చమత్కారంగా ఉంది' అన్న రెండు మాటలతో సరి.

నెల తిరిగాక అందర్నీ ఒక పేజీ రాయమన్నాను. కథ పేరు దిద్దుబాటు. దిద్దుబాటు జరిగిందా? పదిమంది జరిగిందనే రాశారు, కారణాలతో, బాగానే రాశారు. ఒక్క కాగితం వేరు.

ఆ అబ్బాయి మాట్లాడడు. నవ్వినప్పుడు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వాళ్ళ నాన్న టౌన్లో ఒక పెద్దింట్లో కారు నడుపుతాడు, తోటపనీ చూస్తాడు. కాగితం మీద అక్షరదోషాలు చాలానే ఉన్నాయి. వాడు రాసినదాని సారం ఇది: దిద్దుబాటు సగమే జరిగింది. గోపాలరావు చివర్లో పెట్టుకున్న ఒట్టులో రెండు సంగతులున్నాయి, సానుల పాట వినకపోవడం, రాత్రిళ్ళు ఇల్లు కదలకపోవడం. మనిషిని కొట్టకపోవడం అందులో లేదు. భార్యకి ఉత్తరం రాయడం వచ్చు కాబట్టి ఆవిడ విషయంలో బుద్ధి వచ్చింది. రాముడు ఉత్తరం రాయలేడు. ఎదుటివాళ్ళు గోపాలరావు వెంటనే పశ్చాత్తాపపడ్డాడు కదా అంటారు. పడ్డాడు, వీపు నిమిరాడు, తర్వాత అడిగింది తన భార్య గురించే.

చదివి కాసేపు కదల్లేకపోయాను. గొప్పగా రాశాడని కాదు. రాముడి వీపు మీద పడిన దెబ్బల్ని నేను ఇన్నాళ్ళూ 'హాస్యరస పోషణ' అన్న శీర్షిక కింద పెట్టుకున్నాను. నా నోట్సు అలాగే చెబుతోంది. నేనూ నవ్వాను.

మర్నాడు వాడి పేరు చెప్పకుండా ఆ వాదన తరగతి ముందు పెట్టి, ఎదురుపక్షం నేనే తీసుకున్నాను. 1910లో నౌకర్ని కొట్టడం మామూలే, ఇప్పటి కొలతతో అప్పటి కథని కొలవకూడదు అన్నాను. విమర్శకులు వాడే అస్త్రం, నాకు బాగా అలవాటు. రాముడి మాటలు చదివిన అమ్మాయి కాగితం తిరగేసి, "మామూలే అయితే నొచ్చుకున్నాడని ఎందుకు రాశారు సార్? తప్పని రచయితకి తెలుసు" అంది. ఇంకొకడు అందుకుని, "గుద్దిన వెంటనే గోపాలరావు దయగల మనిషని రాశారు చూడండి. అది పొగడ్తా, వెక్కిరింతా?" అన్నాడు. వాడి గొంతులో నిజంగానే అనుమానం ఉంది. రచయిత వేరు, పాత్ర వేరు, కథ చెప్పే గొంతు ఇంకోటి అని నేను ఎలా చెప్పాలా అని వారం రోజులుగా ఆలోచిస్తున్న పాఠం అది. పిల్లలు పది నిమిషాల్లో అక్కడికి చేరుకున్నారు. నేను చేసిందల్లా కాగితం చేతికిచ్చి, గైడు తీసేసుకోవడం.

ఆ అబ్బాయి ఆ గంటసేపూ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. తర్వాత ఫార్మెటివ్ పరీక్షలొచ్చాయి. ఎప్పుడూ ఇరవైకి పందొమ్మిది తెచ్చుకునేవాడికి తెలుగులో పదకొండు వచ్చాయి. అపరిచిత పద్యం ఇచ్చారు, కోపం మనిషికి శత్రువు అనే అర్థమున్న పద్యం. ఆఖరి ప్రశ్న: కవి అభిప్రాయంతో నీవు ఏకీభవిస్తావా? ఎందుకు? వాడు ఏకీభవించనని రాశాడు. కోపం ఎవరికి శత్రువో చూడాలనీ, రాముడనే ఆయనకి కోపం రాలేదు గానీ దెబ్బలు తప్పలేదనీ రాశాడు. ఆ జవాబు పక్కన సున్నా, 'భావం రాయలేదు' అని ఎర్ర ఇంకు. మిగతా జవాబుల్లోనూ గైడు పాయింట్లు లేక తలో మార్కు పోయింది.

ఆదివారం పొద్దున్న వాళ్ళ నాన్న డాబా ఎక్కి వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే విడిచాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మీ మీద ఫిర్యాదు కాదు బాబూ. ఆడికి మార్కులు తగ్గినాయంట. పదో తరగతి కదా. ఆడు సదివితే మాకు అదే ఆస్తి. మీరు పెద్ద సదువులు సదివినోరు, ఏటి సెప్పినా మంచికే సెప్తారు. కానీ పరీక్షకి ఏటి కావాలో అది కూడా సెప్పండి బాబూ."

ఆయన మాటలోనూ వాదన ఉంది, సాక్ష్యమూ ఉంది. నా దగ్గర జవాబు లేదు. మీ అబ్బాయి చాలా తెలివైనవాడండీ అన్నాను. "అదే కదా బాబూ నా భయం" అన్నాడాయన.

కోపమంతా ఆ దిద్దినాయన మీదికి పోయింది మొదట. రెండు రోజులకి చల్లారింది. పదకొండు కాగితాలు, ఒక్కో పేజీ, దిద్దడానికి నాకు మూడు గంటలు పట్టింది. ఐదారు సెక్షన్ల కట్టలు ముందేసుకుని, పైవాళ్ళు ఇచ్చిన గడువులోగా మార్కులు ఎక్కించాల్సిన మనిషి, ప్రతి జవాబులోనూ రాముడెవరు అని ఆగి వెతకగలడా? గైడు పాయింట్లంటే దిద్దేవాడికి కొండగుర్తులు. అవి లేని జవాబు దిద్దడానికి కష్టం, అంతే. మన మెయిన్స్ కాపీల సంగతీ ఇంచుమించు ఇదే కదా. పిల్లలకి ఆలోచించడం రాదని అందరూ అంటారు. ఆలోచిస్తే చదివే తీరిక ఎవరికుందన్నది ఎవరూ అడగరు. సొంతమాటల్లో రాయండి అనడం తేలిక. సొంతమాటలు కట్టలు కట్టలుగా వచ్చి పడితే చదవడం ఖర్చుతో కూడిన పని. టీచరుకి ఎంతమంది పిల్లలుండాలన్న లెక్క అక్కడ మొదలవుతుంది. ఆ లెక్క జోలికి పోకుండా ప్రశ్నపత్రం మార్చి సరిపెడతాం.

అప్పుడు నేనొక రాజీ చేశాను. ఇది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. పరీక్షలో మొదటి సగం గైడు పాయింట్లు రాయండి, అండర్‌లైన్ చేయండి, మిగతా సగంలో మీ మాట, ఉపపత్తితో సహా రాయండి అని చెప్పాను. తర్వాతి పరీక్షలో ఆ అబ్బాయికి పద్దెనిమిది వచ్చాయి. వాళ్ళ నాన్న అరడజను జామకాయలు పంపించాడు. జవాబుపత్రం తెప్పించి చూశాను. మొదటి సగం శుభ్రంగా ఉంది, రెండో సగంలో ఏకీభవిస్తున్నాననే ఉంది. నిజంగానే ఏకీభవించావా అని అడిగితే భుజాలెగరేసి, "ఆ పద్యం బాగానే ఉంది సార్" అన్నాడు. నిజమే చెప్పాడేమో. నా కోసం చెప్పాడేమో. అడగడం మానేశాను.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. గత నెల నేను రాసిన ఆప్షనల్ మాక్ టెస్టులో గురజాడ కథల్లో సంస్కరణ దృష్టి మీద ప్రశ్న వచ్చింది. ఒట్టులో రెండు సంగతులే ఉన్నాయన్న వాదన రాసేశాను. జవాబుపత్రంలో అది ఎవరి మాటో చెప్పే చోటు లేదు. విమర్శకుడిదైతే పేరు రాస్తాం. డాబా మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే కుర్రాడిదైతే? దిద్దినవారు పక్కన టిక్కు పెట్టి, 'మంచి పరిశీలన' అని రాశారు. ఆ టిక్కు చూస్తే గైడులోంచి ఎత్తిరాసిన రోజులకంటే ఎక్కువ సిగ్గేసింది. వాడికి చెప్పాను. "మీకెన్ని మార్కులొచ్చాయి సార్?" అని అడిగాడు. పదిహేనుకి ఎనిమిది అన్నాను. "మిగతా ఏడూ ఎక్కడ పోయాయి?" అన్నాడు.

చూపిస్తావా అన్నట్టు నిలబడ్డాడు. వెనక మిగతావాళ్ళూ చేరారు. గదిలోకి వెళ్ళి, మార్కుల షీటు రాకముందు నేనెంతో మురిసిపోయిన ప్రాక్టీసు ఎస్సే ఒకటి తెచ్చిచ్చాను. విద్య మీద రాసింది, పన్నెండు పేజీలు. పిన్ని ఎర్రపెన్ను అడిగి తీసుకున్నారు. పదకొండు మందీ పేజీలు పంచుకుని, చాప మీద బోర్లా పడుకుని దిద్దడం మొదలుపెట్టారు.

చీకటి పడేసరికి తిరిగొచ్చింది. గాంధీగారి మాట పక్కన, "బాగుంది, కానీ మీరేమంటున్నారు?" రాజ్యాంగ పీఠిక పక్కన, "ఇది ఇక్కడెందుకు?" ఐదో పేజీలో, ఏడో పేజీలో, తొమ్మిదో పేజీలో ఒకే మాట, మూడు వేర్వేరు చేతిరాతల్లో: "ఉపపత్తి ఏది?" సమాజాభివృద్ధి అన్న చోట సున్నా చుట్టి, పక్కన నవ్వుతున్న బొమ్మ గీశారు. ఆఖరి పేజీలో ముందున్న మార్గం కింద ఏమీ రాయలేదు. మార్కులు పదికి నాలుగు. వచ్చే ఆదివారంలోగా మళ్ళీ రాసి చూపించాలట.